డై పడని మనిషి

జిల్లా పెద్దాసుపత్రిలో సీటీ స్కాన్ గది తలుపు పక్కన ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ‘కాంట్రాస్ట్ రియాక్షన్ లేని రోజులు’ అని రాసి ఉంటుంది. కింద మూడు గళ్లు. రోజూ ఉదయం తొమ్మిదింటికి క్వాలిటీ మేనేజర్ ప్రద్యుమ్న వచ్చి పాత అంకె తీసి కొత్త అంకె తగిలిస్తాడు. ఫొటో తీసి రాజధానికి పంపుతాడు.

కాంట్రాస్ట్ అంటే స్కాన్ తీసేటప్పుడు నరంలోకి ఎక్కించే మందు. అది ఎక్కితే లోపలి గడ్డలూ రక్తనాళాలూ ఫిల్ములో తేటగా కనిపిస్తాయి. ఆసుపత్రిలో దాన్ని కాంట్రాస్ట్ అనేది బోర్డు ఒక్కటే. మిగతా అందరూ డై అంటారు. డాక్టర్లూ, నర్సులూ, స్ట్రెచర్ తోసేవాళ్లూ డై అనే అంటారు. ఈ గొడవంతా ఆ ఒక్క అక్షరంతో వచ్చింది.

బోర్డు పుట్టడానికి కారణం ఒక అంగన్‌వాడీ టీచరు. డై ఎక్కించాక ఆమె మెడ మీద నాలుగు దద్దుర్లు లేచాయి. రేడియాలజిస్టు డాక్టర్ షమీమ్ ఇంజెక్షన్ ఇచ్చి పక్కన కూర్చుంది. ఇరవై నిమిషాల్లో దద్దుర్లు అణిగాయి. టీచరు క్యాంటీన్‌లో ఇడ్లీ తిని బస్సెక్కింది. డాక్టర్ షమీమ్ జరిగింది జరిగినట్టు రిజిస్టర్‌లో రాసింది.

రాయడం వల్ల అది సంఘటన అయింది. సంఘటన కాబట్టి రాజధాని నుంచి లేఖ వచ్చింది. ‘సదరు సంఘటనకు మూలకారణమును గుర్తించి, పునరావృతము కాకుండా చేపట్టిన చర్యలను తెలియజేయవలసినది.’

సూపరింటెండెంట్ డాక్టర్ కోదండపాణి పదకొండు మందితో భద్రతా కమిటీ వేశారు. మూలకారణం డై అని కమిటీ రెండు సమావేశాల్లో తేల్చింది. మూడో సమావేశంలో అరవై నాలుగు ప్రశ్నల ఫారం తయారైంది. ఏ ఒక్క ప్రశ్నకు ‘అవును’ అన్నా డై ఇవ్వకూడదు.

తొమ్మిదో ప్రశ్న రొయ్యల గురించి.

“రొయ్యలకీ డైకీ సంబంధం లేదు సార్,” అంది షమీమ్. “అదొక పాత అపోహ. ఇంతకుముందు డై తీసుకున్నప్పుడు ఏమైనా అయిందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఆస్తమా ఉందా, షుగరుకు ఏం మందు వాడుతున్నారు, ఇలాంటివి నాలుగు అడిగితే చాలు. ట్రేలో మందులు దగ్గర పెట్టుకుని అరగంట కనిపెట్టుకుని ఉంటాం.”

“అపోహే కావచ్చు డాక్టర్. అపోహ విషయంలో కూడా అజాగ్రత్త పనికిరాదు,” అన్నారు కోదండపాణి. “రొయ్యలు తింటారా అని అడుగుదాం. తింటామంటే ఆపుదాం.”

“ఈ జిల్లాలో తినని వాళ్లెవరు సార్?”

“అది మత్స్యశాఖ పరిధిలోని అంశం.”

అదే సమావేశంలో అత్యవసర మందుల ట్రేను గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. ట్రేలో మందు వాడితే సంఘటన కిందికి వస్తుంది కాబట్టి, వాడకుండా చూడటమే భద్రత అని తీర్మానించారు. తాళంచెవి సూపరింటెండెంట్ గారి సొరుగులో ఉంది.

బోర్డు మీద పన్నెండు ఉన్న రోజున ఫారం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి జిల్లాలో ఒక్కరికీ డై ఎక్కలేదు. బోర్డు మీద అంకె మాత్రం రోజూ ఎక్కింది.

బోర్డు మీద నలభై ఒకటి ఉన్న రోజున బలుసు వీరాంజనేయులు వచ్చాడు.

ఆయనది నిమ్మకాయల మార్కెట్టు. బస్తాల ముందు నిలబడి వేలం పాట పాడే మనిషి. ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అని ఆయన గొంతెత్తితే రైల్వే గేటు దాకా వినిపిస్తుంది. వయసు యాభై ఆరు. మీసం నల్లగా, మెలితిరిగి ఉంటుంది. మూత్రంలో రక్తం పడితే యూరాలజీ డాక్టరుకు చూపించుకున్నాడు. ఎడమ కిడ్నీలో గడ్డ ఉందని మామూలు స్కాన్‌లో తేలింది.

“డై వేసి తీస్తేనే అది ఎంతవరకు పాకిందో తెలుస్తుంది,” అన్నాడు యూరాలజీ డాక్టరు. “చిన్నదైతే గడ్డ వరకే కోసేసి కిడ్నీ ఉంచుతా. తెలియకపోతే కిడ్నీ మొత్తం తీసేయాల్సిందే. రెండు నెలలకు మించి ఆగొద్దు.”

ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్ కావాలంటే స్కాన్ ఇదే ఆసుపత్రిలో తీయాలి. అందుకని వీరాంజనేయులు భార్య తిరుపతమ్మను వెంటబెట్టుకుని సీటీ గది ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. కౌంటర్‌లో ప్రద్యుమ్న స్వయంగా ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలు అడిగాడు.

“రొయ్యలు తింటారా?”

“మెడలో తులసి కంఠీ కట్టుకున్నానండీ. నీచు ముట్టి పద్నాలుగేళ్లయింది.”

ప్రద్యుమ్న తలెత్తి చూశాడు. నెల రోజుల్లో తొమ్మిదో ప్రశ్న దాటిన మొదటి మనిషి. గొంతు సవరించుకుని ముందుకు వెళ్లాడు. పదహారు వరకు అన్నీ ‘లేదు’లే. పదిహేడో ప్రశ్న వచ్చింది.

“గతంలో డై వాడారా?”

“వాడానండీ.”

“ఎన్నిసార్లు?”

“నెలనెలా వాడతానండీ. మా తమ్ముడి పెళ్లప్పుడు మొదలెట్టా. ఇరవై రెండేళ్లు.”

ప్రద్యుమ్న వేలు ఆగింది. “దురద, దద్దుర్లు, వాపు ఏమైనా వచ్చాయా?”

“దద్దుర్లు లేవండీ. దురద మాత్రం వస్తది. ముక్కు కింద. రెండు రోజులుండి పోద్ది.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీనండీ. అలవాటైపోయింది.”

తిరుపతమ్మ పక్క నుంచి అంది. “ఎన్నిసార్లు చెప్పినా మానడు బాబూ. నువ్వన్నా చెప్పు.”

ట్యాబ్‌లో లెక్క దానంతటదే వచ్చింది. పన్నెండు ఇంటూ ఇరవై రెండు. డై తీసుకున్న పర్యాయాలు: రెండువందల అరవై నాలుగు. రియాక్షన్లు: రెండువందల అరవై నాలుగు. తెర ఎర్రగా మారింది. ప్రద్యుమ్న వీరాంజనేయులు చేతికి ఎర్ర పట్టీ కట్టి, సూపరింటెండెంట్ గదికి పరుగెత్తాడు.

ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంది.

“ఒక మనిషి రెండువందల అరవై నాలుగు స్కాన్లు తీయించుకున్నాడా?” అన్నారు కోదండపాణి. “అంత రేడియేషన్ తిన్న మనిషి ఎలా ఉన్నాడయ్యా?”

“మామూలుగానే ఉన్నాడు సార్. మీసం కూడా నల్లగానే ఉంది.”

“వైద్య చరిత్రలో ఇటువంటి ఉదంతం ఉన్నట్టు లేదు. మన సంస్థ తరఫున ఒక పరిశోధనా పత్రం సమర్పించాలి.” ఆయన పత్రానికి పేరు కూడా అక్కడే పెట్టారు.

సంగతి కనిపెట్టింది టెక్నీషియన్ ఏసోబు. బల్ల మీద దిగులుగా కూర్చున్న వీరాంజనేయులు పక్కకు చేరి, “డై ఎక్కడ వేయించుకుంటారు బాబాయ్?” అని అడిగాడు.

“ఎవరో వేసేదేందయ్యా, నేనే వేసుకుంటా. ఆదివారం పూట. కొబ్బరిచిప్పలో కలుపుకుని.”

ఏసోబు ఆ నల్లటి మీసాన్ని పరీక్షగా చూశాడు. తర్వాత వెళ్లి షమీమ్‌కు చెప్పాడు. షమీమ్ ప్రద్యుమ్నను పిలిచింది.

“అది మీసానికి వేసుకునే డై అండీ. రికార్డులో కొట్టేయండి.”

“కొట్టేయడం కుదరదు మేడమ్. సాఫ్ట్‌వేర్‌లో అలర్జీ చేర్చడానికి బటన్ ఉంది. తీసేయడానికి లేదు. భద్రత కోసం.”

“తప్పని తెలిశాక కూడానా?”

“తప్పు అనేది మన అభిప్రాయం మేడమ్. ఎంట్రీ అనేది రికార్డు.”

చివరికి కమిటీ ఒక దారి చూపించింది. పేషెంట్ వాడిన డై, ఆసుపత్రి డై ఒకటి కావని నిరూపించాలి. మర్నాడు వీరాంజనేయులు పొడి ప్యాకెట్ తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఫార్మసీకి పంపారు. ‘ఈ వస్తువు మా స్టాకు జాబితాలో లేనందున అభిప్రాయం చెప్పజాలము’ అని ఫార్మసీ రాసింది. చర్మవ్యాధుల విభాగానికి పంపారు. ‘మీసము పరిశీలించితిమి. స్కాన్ విషయము మా పరిధిలోనిది కాదు’ అని ఆ విభాగం రాసింది. మూడు వారాలు గడిచాయి. బోర్డు మీద అరవై మూడు.

కోదండపాణి పెద్ద మనసుతో మరో అవకాశం ఇచ్చారు. పేషెంట్ డై వాడకం పూర్తిగా మానేసినట్టు రుజువైతే, అతని పేరు మళ్లీ పరిశీలిస్తారు.

“రుజువు ఎట్టాగండీ?” అన్నాడు వీరాంజనేయులు.

“మీసం తెల్లబడాలి,” అన్నాడు ప్రద్యుమ్న. “ప్రతి సోమవారం వచ్చి చూపించి సంతకం పెట్టండి.”

వీరాంజనేయులు డై మానేశాడు. ఇరవై రెండేళ్లుగా ఎవరి మాటా వినని ఆ మీసం నాలుగు వారాల్లో మొదలు నుంచి తెల్లబడింది. మార్కెట్లో దళారులు పాట మధ్యలో నవ్వడం మొదలెట్టారు. “ఏం ఆంజనేయులూ, మీసం మీద సున్నం పడిందా?” అన్నారు. ఆయన పాట కొనసాగించాడు. పాడేటప్పుడు ఎడమ డొక్క మీద చెయ్యి వేసి పట్టుకుంటున్నాడు. తిరుపతమ్మ అది చూసింది.

తొంభై ఆరో రోజున ఐదో సంతకం అయింది. కమిటీ తృప్తి చెందింది. ఆరోగ్య కార్డు తీసుకుని కౌంటర్‌కు వెళ్లమంది. అక్కడి గుమాస్తా కార్డు చూశాడు, మనిషిని చూశాడు.

“ఇది మీ కార్డు కాదు.”

“నాదేనండీ.”

“ఫొటోలో మీసం నల్లగా ఉంది. మిషన్ ముఖాన్ని పట్టట్లేదు. కార్డులో ఉన్న మనిషి రావాలి.”

“ఆ మనిషి నేనేనయ్యా.”

“అయితే కార్డులో ఉన్నట్టు రండి.”

తిరుపతమ్మ గుమాస్తా వైపు తిరిగింది. “డై వేసుకుంటే స్కాన్ లేదంటిరి. వేసుకోకపోతే మనిషే కాదంటిరి. మా ఆయనకున్నది ఒక్క మొహమే బాబూ. దాన్ని ఏం చేసుకోమంటావో కాయితం మీద రాసియ్యి.”

గుమాస్తా రాసివ్వలేదు. కాయితం మీద రాయడానికి పై వాళ్ల అనుమతి కావాలన్నాడు. యూరాలజీ డాక్టరు చెప్పిన రెండు నెలలకు నాలుగు రోజులు మిగిలాయి. కార్డు పని కాకపోతే ఏ పనీ కాదు. అందుకని మర్నాడు కౌంటర్‌లో కార్డు చూపించి స్కాన్ తేదీ తీసుకుందామన్న ఆశతో, తొంభై తొమ్మిదో రోజు సాయంత్రం వీరాంజనేయులు కొబ్బరిచిప్ప తీశాడు. ఐదు వారాల తర్వాత వేసుకున్నాడేమో, ఈసారి దురద ఎక్కువగా వచ్చింది.

వందో రోజున రాజధాని నుంచి తనిఖీ బృందం వచ్చింది. వంద రోజులు పూర్తి చేసిన ఆసుపత్రికి భద్రతా పురస్కారం ఇవ్వాలని నిర్ణయం. సీటీ గది ముందు రిబ్బను కట్టారు. బృంద నాయకుడు బోర్డు చూసి తల ఊపాడు.

“ఈ వంద రోజుల్లో ఎన్ని డైలు ఇచ్చారు?”

ప్రద్యుమ్న ఫైలు తిప్పాడు. “మొదటి పదకొండు రోజుల్లో తొమ్మిది సార్.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత సంపూర్ణ భద్రత సాధించాం సార్.”

“మంచిది. నిబంధన ప్రకారం మేము ఒక డై ఇవ్వడం కళ్లారా చూడాలి. చూశాకే పురస్కారం.”

కోదండపాణి ప్రద్యుమ్నను పక్క గదిలోకి తీసుకెళ్లారు. షమీమ్ కూడా వెళ్లింది.

“బల్ల మీద ఎంతమంది ఉన్నారు?”

“పద్దెనిమిది మంది సార్. అందరూ డై కోసం ఆగినవాళ్లే. అందరూ ఏదో ఒక ప్రశ్న దగ్గర ఫెయిలైనవాళ్లే.”

“వీళ్లలో అనుభవం ఉన్నవాళ్లెవరు?”

ప్రద్యుమ్న ట్యాబ్‌లో వెతికాడు. జాబితాలో రెండో స్థానంలో ఉన్నామెకు ఒకసారి డై ఎక్కింది. మొదటి స్థానంలో ఉన్న మనిషికి రెండువందల అరవై అయిదుసార్లు ఎక్కింది.

“అరవై అయిదా? అరవై నాలుగు కదా?”

“నిన్న సాయంత్రం ఇంకోటి తీసుకున్నాడు సార్. ఇవాళ నడుచుకుంటూ వచ్చాడు.”

కోదండపాణి ట్యాబ్ తన వైపు తిప్పుకున్నారు. “మిగతావాళ్లకు డై ఇస్తే ఏమవుతుందో మనకు తెలియదు. ఇతనికి ఏమవుతుందో రికార్డులో ఉంది. తెలిసిన ప్రమాదం ప్రమాదం కిందికి రాదు. ఇతన్నే తీసుకోండి.”

ప్రద్యుమ్న గొంతు తగ్గించాడు. “కానీ దురద వస్తే బోర్డు సున్నా అవుతుంది సార్.”

“అవుతుంది. అప్పుడు డై వాడకాన్ని జిల్లాలో పూర్తిగా నిలిపివేస్తూ ఉత్తర్వు ఇద్దాం. టైపు చేయించి ఉంచండి.”

షమీమ్ ఒక్కటే అడిగింది. “బీరువా తాళంచెవి ఇప్పించండి సార్. ట్రే నా పక్కన లేకుండా సూది ముట్టుకోను.” బృందం అవతల నిలబడి ఉంది. కోదండపాణి సొరుగు తెరిపించారు.

నల్లమీసంతో వచ్చిన వీరాంజనేయులు ముఖాన్ని కౌంటర్ మిషన్ ఆ ఉదయమే పట్టింది. కిడ్నీ రిపోర్టు కూడా ఆ ఉదయానిదే. షమీమ్ దాన్ని చూసింది, తన నాలుగు ప్రశ్నలు అడిగింది, నాలుగింటికీ సరైన జవాబులు వచ్చాయి. తర్వాత వంగి చెప్పింది.

“చూడండి, ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది. లుంగీ తడిసినట్టు ఉంటుంది. తడవదు. అది మామూలే. ఊపిరి ఆడకపోయినా, గొంతు పట్టినట్టున్నా వెంటనే చెప్పాలి. దాచొద్దు.”

“దురదొస్తే అమ్మా?”

“ఇప్పుడుందా?”

“నిన్న సాయంత్రం నుంచీ ఉంది. మీసం దగ్గర.”

షమీమ్ మీసం చూసింది. మెడ చూసింది, చేతులు చూసింది. “అది కొబ్బరిచిప్ప దురద. అది కాక ఒంటి మీద ఇంకెక్కడ వచ్చినా నాకు చెప్పండి. ముక్కు కిందది మాత్రం మీ ఇష్టం.” అద్దం వైపు కళ్లు తిప్పి అంది. “అద్దం అవతల నుంచి చూస్తున్నారు. మీరు గోక్కుంటే బయట బల్ల మీద ఉన్న పదిహేడు మందికి డై లేదు.”

వీరాంజనేయులు పడుకున్నాడు. ఏసోబు ఆయన చేతులు రెండూ తలపైకి పెట్టించాడు. స్కాన్‌కు అలాగే ఉంచాలి. మిషన్ ఊపిరి బిగబట్టమంది, బిగబట్టాడు. వదలమంది, వదిలాడు. డై ఎక్కింది. ఒంట్లో వేడి పాకింది. లుంగీ తడిసినట్టయింది, తడవలేదు. ముక్కు కింద మాత్రం చీమలబారు నడుస్తోంది. చేతులు తలపైన ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

అసలు పని తర్వాత వచ్చింది. అరగంట కుర్చీలో కూర్చోవాలి. ఎదురుగా బృందం ముగ్గురూ, కోదండపాణి, కుర్చీలు వేసుకుని ఆయన మొహం చూస్తూ కూర్చున్నారు. ప్రద్యుమ్న గడియారం పట్టుకున్నాడు. షమీమ్ ట్రే పక్కన నిలబడి, ఐదు నిమిషాలకోసారి నాడి చూసింది, బీపీ చూసింది, చర్మం చూసింది. ఆమె ఒక్కతే మీసం వైపు చూడలేదు.

పదో నిమిషంలో మీసం ఎడమ కొస కదిలింది. బృంద నాయకుడు ముందుకు వంగాడు. తిరుపతమ్మ భర్త చేతిని తన చేతిలోకి తీసుకుంది. అది ప్రేమతో అని చూసినవాళ్లు అనుకున్నారు. ఆమె గట్టిగా పట్టుకుంది.

“వదలవే,” అన్నాడు మెల్లగా.

“నోరు మూసుకుని కూర్చో. ఇరవై రెండేళ్లు చెప్పా, విన్నావా?”

ఇరవయ్యో నిమిషంలో ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. “అది భావోద్వేగం సార్,” అన్నాడు ప్రద్యుమ్న బృందంతో. ఫారంలో భావోద్వేగానికి గడి లేదు.

అరగంట అయింది. ప్రద్యుమ్న లేచి, ట్యాబ్ ముందుకు చాపాడు.

“దురద ఉందా?”

“ఒకటోసారి అడిగారు,” అన్నాడు వీరాంజనేయులు. మార్కెట్ గొంతుతో అన్నాడు. “లేదు.”

“మళ్లీ అడగాలి. నిబంధన. ఉందా?”

“రెండోసారి. లేదు.”

“ఉందా?”

“మూడోసారి. లేదు. పాట కొట్టేశాం.”

బయట బల్ల దాకా వినిపించింది. బృందం చప్పట్లు కొట్టింది. రిబ్బను కత్తిరించడానికి అందరూ అటు తిరిగారు. తిరుపతమ్మ చెయ్యి వదిలింది. వీరాంజనేయులు రెండు చేతులతో మీసం పట్టుకుని, గోడ వైపు తిరిగి, రిబ్బను కత్తిరించి ఉపన్యాసం ముగిసేదాకా గోక్కున్నాడు.

రిపోర్టు ఆ సాయంత్రమే ఇచ్చారు. గడ్డ మూడు సెంటీమీటర్లు. కిడ్నీ కింది కొసన ఉంది. ఎటూ పాకలేదు. తర్వాతి వారం యూరాలజీ డాక్టరు గడ్డ వరకు తీసేశాడు. కిడ్నీ ఉంది. మిగతా పదిహేడు మందికి నాలుగు రోజుల్లో స్కాన్లు అయ్యాయి. అంగన్‌వాడీ టీచరుకు లేచినట్టు ఒకరికి దద్దుర్లు లేచాయి. షమీమ్ ఇంజెక్షన్ ఇచ్చింది. రిజిస్టర్‌లో రాయబోతే ప్రద్యుమ్న ఆమె పెన్ను అడిగి తీసుకున్నాడు. ఆమె ఇంకో పెన్నుతో రాసింది. బోర్డు సున్నాకు వచ్చింది. పురస్కారం అప్పటికే గోడకు కొట్టి ఉంది కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు.

కమిటీ ఊరుకోలేదు. ఒక మనిషికి రెండువందల అరవై అయిదుసార్లు డై పడలేదు. రెండువందల అరవై ఆరోసారి పడింది. ఎందుకు? ముందు రోజు సాయంత్రం కొద్ది మోతాదులో అలవాటు చేయడం వల్ల, అని కోదండపాణి పత్రంలో రాశారు. పత్రం మెప్పు పొందింది. నెల తిరక్కముందే ఉత్తర్వు వెలువడింది. ‘కాంట్రాస్ట్ స్కాన్‌కు హాజరగు ప్రతి రోగి ముందు రోజు సాయంత్రం విధిగా డై వేసుకొని రావలెను. జుట్టు లేని వారి విషయమై స్పష్టత కోరడమైనది.’

మూడో నెల చెకప్‌కు వీరాంజనేయులు మళ్లీ అదే బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఒక పెద్దావిడ చేతిలో ఉత్తర్వు కాయితం పట్టుకుని ఉంది.

“అన్నా, డై ఏసుకుని రమ్మన్నారంట. ఏం రంగు ఏసుకోవాలి?”

ఆయన కాయితం తీసుకుని ఆసాంతం చదివాడు. తిరిగి ఇచ్చాడు.

“నీ కార్డు మీద ఫొటో ఏ రంగులో ఉందో చూసుకోమ్మా,” అన్నాడు. “అదెయ్యి. దురదొస్తే మాత్రం ఎవరికీ చెప్పమాక.”